మొదటి రోజే మాట తేల్చుకోండి: గోదావరి జిల్లాల కాలేజీ లెక్చరర్లకు సమగ్ర మార్గదర్శి

సెమిస్టర్ చివరి రెండు వారాల్లో ఏ కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి వెళ్లినా గుమ్మం దగ్గర ఒకే మాట వినపడుతుంది: "సార్, ఈ ఒక్కసారికి సార్." హాజరు తగ్గినవాళ్లు, రికార్డు కరెక్షన్ చేయించుకోనివాళ్లు, రెండో మిడ్‌కి (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) రానివాళ్లు, అందరూ అక్కడే నిలబడతారు. వీళ్లంతా బద్ధకస్తులని తేల్చెయ్యడం తేలిక. కానీ ఏ రూలు సడలుతుందో, ఏది ఎవరొచ్చి అడిగినా సడలదో వాళ్లలో చాలామందికి నిజంగానే తెలియదు. ఒక లెక్చరర్ సెమిస్టర్ అంతా అరిచి చివర్లో వదిలేస్తారు. ఇంకొకరు నవ్వుతూనే సున్నా వేస్తారు. ఇదంతా చూసిన కుర్రాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: అడిగి చూస్తే పోయేదేముంది?

మొదటి రోజు రూల్స్ చిట్టా అందరం చదువుతాం. ప్రతి రూలు పక్కన దాన్ని మార్చే అధికారం ఎవరిదో చెప్పేవాళ్లం తక్కువ. కింద చెప్పే పద్ధతి అంతా ఆ రెండో పని చుట్టూ తిరుగుతుంది. కొత్తగా చేరిన లెక్చరర్లకూ, గెస్ట్ ఫ్యాకల్టీకీ ఎక్కువ పనికొస్తుంది. నేను పాఠం చెప్పేది సివిల్ బ్రాంచి వాళ్లకి కాబట్టి ఉదాహరణలు ఇంజనీరింగ్ వైపువే ఎక్కువ. డిగ్రీ కాలేజీ వాళ్లు అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

1. ఏది ఎవరి చేతిలో ఉందో ముందు విడదీయండి

క్లాసులు మొదలవ్వడానికి ఓ వారం ముందు చెయ్యాల్సిన పని ఇది. తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి: యూనివర్సిటీ, కాలేజీ, నేను. మీరు చెప్పబోయే ప్రతి రూలూ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట పడాలి. ఎక్కడా పడని రూలు ఉందంటే అది అలవాటు కొద్దీ చెబుతున్నదే, కొట్టెయ్యండి.

యూనివర్సిటీ గడిలోవి మీరు గానీ, హెచ్‌ఓడీ (బ్రాంచి అధిపతి) గానీ, ప్రిన్సిపాల్ గానీ మార్చలేరు. మీది జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీ అయితే రెగ్యులేషన్ పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాయండి. ఇటీవలి రెగ్యులేషన్లలో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30 మార్కులు, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 70. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. పాసవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌లో కనీసం 35 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. హాజరు అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఆగితే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు తగ్గినందుకు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. 65 లోపు పడితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అటానమస్ కాలేజీల్లో, ఆదికవి నన్నయ యూనివర్సిటీ కింద నడిచే డిగ్రీ కాలేజీల్లో ఎవరి లెక్క వాళ్లకుంటుంది. పాత బ్యాచ్‌కి చెప్పింది గుర్తుపెట్టుకుని అదే అప్పజెప్పకండి. ఒకే కారిడార్‌లో మూడో ఏడాది వాళ్లది ఒక రెగ్యులేషన్, మొదటి ఏడాది వాళ్లది ఇంకోటి కావడం మామూలే.

శాతాలు చెబితే బుర్రకెక్కవు. వాటిని రోజుల్లోకీ మార్కుల్లోకీ విప్పి చెప్పండి. 90 పని దినాల సెమిస్టర్ అనుకుంటే 75 శాతానికి 68 రోజులు రావాలి. అంటే 22 రోజులు మానవచ్చు. ఈ మాట అనగానే వెనక బెంచీల్లో ముఖాలు వెలుగుతాయి. అప్పుడు బోర్డు మీద తీసివేతలు మొదలుపెట్టండి. దసరాకి ముందూ వెనకా కలిపి 3, అక్క పెళ్లికి 4, జ్వరానికి 7, వానకి బస్సు తిరగని రోజులు 3. మిగిలినవి 5. సినిమా రిలీజు రోజు క్లాసంతా కలిసి కొట్టే మాస్ బంకులు ఇంకా ఇందులో వెయ్యలేదని కూడా చెప్పండి.

మార్కులదీ అంతే. మొదటి మిడ్‌లో 30కి 24, రెండోదాంట్లో 12 వస్తే ఇంటర్నల్ ఎంత? 24లో 80 శాతం 19.2, 12లో 20 శాతం 2.4, మొత్తం 21.6. మొదటిది బాగా రాశాం కదా అని రెండోది ఎగ్గొడితే 19.2 దగ్గర ఆగిపోతారు. ఇంటర్నల్ 30కి 30 వచ్చినా ఎక్స్‌టర్నల్‌లో 25 రాకపోతే సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) రాయాల్సిందే. ఇంటర్నల్‌లో 10 తెచ్చుకున్నవాళ్లు ఎక్స్‌టర్నల్‌లో 30 తెచ్చుకోవాలి. ఈ నాలుగు లెక్కలూ పిల్లల చేతే చేయించండి, క్యాలిక్యులేటర్ ఇచ్చి.

కాలేజీ గడిలో మిడ్ తేదీలు, ఐడీ కార్డు, యూనిఫాం, ఫోన్ల సంగతి, ల్యాబ్ బ్యాచ్‌ల విభజన వస్తాయి. వీటిలో మార్పు కావాలంటే ఎవరికి ఉత్తరం రాయాలో చెబితే చాలు. ఫీజు బకాయి కూడా కాలేజీ గడిలోదే. అది ఆఫీసుకీ ఇంటివాళ్లకీ మధ్య వ్యవహారం. రీయింబర్స్‌మెంట్ డబ్బు పడలేదని పిల్లల పేర్లు క్లాసులో చదవమని ఎవరు చెప్పినా ఆ పని మీరు చెయ్యకండి. ఆ ఒక్క పనితో మొదటి రోజు సంపాదించుకున్న మర్యాద అంతా పోతుంది.

ఇక మీ గడి. అసైన్‌మెంట్ గడువు, ఆలస్యంగా వస్తే ఏంటి, రికార్డు ఏ రోజు దిద్దుతారు, డౌట్లు ఎప్పుడు అడగొచ్చు, వాట్సాప్‌లో ఎన్నింటిదాకా జవాబిస్తారు. ఇక్కడ ప్రతి రూలుకీ ఒక పరీక్ష పెట్టుకోండి: పదో వారంలో, ఒంట్లో బాగోని రోజున, ఎదురుగా మంచి విద్యార్థి నిలబడి అడిగినా ఇది అమలు చేస్తానా? చెయ్యననిపిస్తే ఆ రూలు పెట్టకండి. 60 మంది ఉన్న సెక్షన్‌లో రోజుకో అర మార్కు కోత లాంటి రూలు పెట్టిన లెక్చరర్ ఆరో వారానికి ఆ లెక్కల పుస్తకం మోయలేక వదిలేస్తారు.

2. తేదీలు పెట్టేముందు ఊరి క్యాలెండర్ చూడండి

అకడమిక్ క్యాలెండర్ ఒకటుంటుంది. దాని కింద ఈ డెల్టా క్యాలెండర్ ఇంకోటి నడుస్తూ ఉంటుంది. రెండో దాన్ని పట్టించుకోకుండా పెట్టిన గడువు మీ మాట విలువనే తగ్గిస్తుంది.

సంక్రాంతికి కాగితం మీద ఉన్న సెలవులు వేరు, పిల్లలు తిరిగొచ్చే రోజు వేరు. భీమవరం వైపు కోడిపందాల బరులు సర్దేదాకా, జగ్గన్నతోటలో కనుమనాటి ప్రభల తీర్థం అయ్యేదాకా సగం క్లాసు కనపడదు. పండగ మర్నాడే గడువు పెట్టి "రూలు రూలే" అని కూర్చుంటే మీరొక్కరే కూర్చుంటారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, వేసవి ముందు దాళ్వా పని, శ్రావణ మాఘాల్లో పెళ్లిళ్లు. కోతల రోజుల్లో చేను దగ్గరికి వెళ్లక తప్పని కుర్రాళ్లు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. వాళ్లు చేతులెత్తి చెప్పరు. గడువులు ఆ వారాలకి అటో ఇటో జరిపితే వాళ్లు అడగాల్సిన అవసరమే రాదు.

వరద సంగతి వేరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏదో ఒక వారం గోదావరి పెరుగుతుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు) చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. లంక ఊళ్ల కాజ్‌వేలు మునిగితే అక్కడి పిల్లలు పడవెక్కి రావాలి, లేదా ఇంట్లో ఉండిపోవాలి. వీళ్లకి "చూద్దాంలే" అని చెప్పకండి. ఎవరైనా సరిచూసుకోగలిగే రూలు పెట్టండి: మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి దాన్ని ఎత్తేసే రోజు దాకా లంక ఊళ్ల వాళ్లకి నా అసైన్‌మెంట్ గడువులు ఆగుతాయి, అడగక్కర్లేదు. ఆ వెంటనే, ఇది నా గడిలోని గడువులకే వర్తిస్తుందనీ, హాజరు లెక్క నేను ఆపలేననీ, ఆ రోజుల వివరం రాసి పెట్టుకుంటే కండోనేషన్ అడిగేటప్పుడు పనికొస్తుందనీ చెప్పండి. మూడు గళ్ల పద్ధతి అసలు అవసరం ఇలాంటిచోటే తెలుస్తుంది.

3. ఒక్క కాగితం తయారుచెయ్యండి

రెండు వైపులా ఒకే విషయం: ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా రూల్స్ తెలుగులో ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంగ్లీషు రూలు అర్థం కాకపోతే అడగరు, పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తారు. ఇంట్లోవాళ్లు కూడా చదువుకోగలగాలి. నేను వాడే కాగితంలోని కొన్ని వాక్యాలు ఇలా ఉంటాయి:

"ఎవరూ మార్చలేనివి: హాజరు 75 శాతం. మిడ్ వెయిటేజీ 80, 20. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 25 మార్కులు."

"హెచ్‌ఓడీ గారిని అడగాల్సినవి: మిడ్ తేదీ, ల్యాబ్ బ్యాచ్ మార్పు. నన్ను అడిగినా నేను అక్కడికే పంపిస్తాను."

"నేను మార్చగలిగేవి: అసైన్‌మెంట్ గడువు. ప్రతి ఒక్కరికీ సెమిస్టర్ మొత్తానికి 3 గ్రేస్ రోజులు ఉంటాయి. కారణం అడగను. కాగితం పైన గ్రేస్ అని రాసి, ఎన్ని రోజులో వేసి ఇవ్వండి. మూడూ అయిపోయాక ఇచ్చిన కాగితం దిద్ది ఇస్తాను, మార్కులు వెయ్యను."

"నా వంతు: మిడ్ పేపర్లు వారంలో దిద్ది క్లాసులోనే ఇస్తాను. క్లాసు రద్దయితే ముందురోజు రాత్రి 8 లోపు చెబుతాను. మార్కుల కూడిక తప్పని చూపిస్తే అక్కడికక్కడే సరిచేస్తాను."

చివరి పేరా వదలకండి. మీ వంతు రాయని కాగితం వాళ్లకి నోటీసు బోర్డులాగే కనపడుతుంది. గ్రేస్ రోజుల వల్ల ఇంకో లాభం ఉంది. తాతగారిని ఏటా రెండుసార్లు చంపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. నిజంగా ఇంట్లో మనిషి పోయినవాళ్లు సాక్ష్యం చూపించాల్సిన బాధా తప్పుతుంది.

కాగితం ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు. ఎక్కువైందనిపిస్తే మీ గడిలోంచి రూల్స్ తీసెయ్యండి. పై రెండు గళ్లవి తీసే హక్కు మీకు ఎలాగూ లేదు.

4. మొదటి క్లాసు: కాగితం చివర్లో ఇవ్వండి

చాలామంది లోపలికి రాగానే రూల్స్ మొదలుపెడతారు. ఎదురుగా ఉన్న పిల్లలు ఎక్కడినుంచి వచ్చారో ఒక్కసారి చూడండి. కొందరు రెండేళ్లు కార్పొరేట్ ఇంటర్ హాస్టల్‌లో ఉండి వచ్చారు. అక్కడ తెల్లవారకముందే లేపడానికో మనిషి, స్టడీ అవర్లో కూర్చోబెట్టడానికో మనిషి. వాళ్లకి రూల్స్ కొత్త కాదు, ఎవరూ వెంటపడకపోవడమే కొత్త. ఇంకొందరు ఊళ్లో జూనియర్ కాలేజీ నుంచి వచ్చారు, ఇంత పెద్ద క్లాసు చూడటం ఇదే మొదలు. రూల్స్‌తో మొదలుపెడితే మొదటివాళ్లు చెవులు మూసుకుంటారు, రెండోవాళ్లు బెదిరిపోతారు.

ముందు పేరు, ఊరు, వచ్చే దారి అడగండి. "నువ్వెక్కడినుంచమ్మా?" అంటే "సఖినేటిపల్లి అండి, పంటు దాటి నర్సాపురం వచ్చి బస్సెక్కుతానండి" అంటుంది. ఆ జవాబు మీ రిజిస్టర్‌లో పేరు పక్కన రాసుకోండి. ఆలస్యం గురించి రూలు అమలు చేసేటప్పుడు ఇది కావాలి. పది నిమిషాల్లో అందరిదీ పూర్తికాదు. మిగతావాళ్లకి చీటీ ఇచ్చి రాయించుకోండి.

తర్వాత పాఠంలోకి వెళ్లండి. మార్కులు ఎలా పడతాయో చెప్పడం కంటే వేసి చూపించడం మేలు. హైడ్రాలిక్స్ క్లాసు అయితే బోర్డు మీద ఈ ప్రశ్న రాయండి: ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు, అది సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు? 5 మార్కులు, 5 నిమిషాలు. టీవీలో ఏటా వినే అంకె కాబట్టి ఎవరికీ బెరుకుండదు.

కాగితాలు తీసుకోండి కానీ అవి దిద్దకండి. మీరు ముందే రాసి తెచ్చుకున్న నాలుగు జవాబులు బోర్డు మీద వెయ్యండి.

మొదటి జవాబులో ఉన్నది "28,317" అంతే. రెండోదాంట్లో ఒక అడుగు 0.3048 మీటర్లనీ, దాన్ని ఘనం చేస్తే 0.0283168 వస్తుందనీ, 10 లక్షలతో గుణిస్తే 28,317 అనీ ఉంది, యూనిట్ మాత్రం లేదు. మూడోదాంట్లో అదంతా ఉండి, చివర "సెకనుకు సుమారు 28,317 ఘనపు మీటర్లు" అని ఉంది. నాలుగోదాంట్లో ఘనం చెయ్యడం మర్చిపోయి, నేరుగా 0.3048తో గుణించి 3,04,800 ఘనపు మీటర్లని అందంగా గీత గీసి రాసి ఉంది.

ఇప్పుడు మార్కులు వాళ్లనే వెయ్యమనండి. గొడవ అక్కడ మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. "జవాబు కరెక్టే కదండీ, మొదటివాడికి ఎందుకు తగ్గించాలి?" అంటాడొకడు. స్టెప్పులు లేకపోతే కాపీ కొట్టాడో చేశాడో ఎలా తెలుస్తుందని ఇంకొకరు అందుకుంటారు. వాదన కాసేపు సాగనిచ్చి మీ మార్కులు చెప్పండి: 1, 4, 5, 1. నాలుగోదానికి ఒక్క మార్కేనా అని అడుగుతారు. చరిత్రలో పెద్ద వరదగా చెప్పుకునే 1986 ఆగస్టులోనే ధవళేశ్వరం దగ్గర వచ్చింది దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. 3,04,800 ఘనపు మీటర్లంటే కోటి క్యూసెక్కులు దాటుతుంది. హెచ్చరికల్లో మొట్టమొదటిది ఆ వరదకి మూడింతలు ఎలా ఉంటుంది? వచ్చిన అంకె నమ్మేలా ఉందో లేదో చూసుకోవడం నా క్లాసులో జవాబులో భాగం, దానికి మార్కులున్నాయి అని చెప్పండి. ఈ 15 నిమిషాల్లో వాళ్లకి మీ వాల్యుయేషన్ మీద వచ్చే అవగాహన ఏ హ్యాండవుటూ ఇవ్వదు. కామర్స్ వాళ్లు ఒక జర్నల్ ఎంట్రీతో, చరిత్ర వాళ్లు ఆనకట్ట ఎందుకు కట్టారన్న ఒక పేరా జవాబుతో ఇదే చెయ్యొచ్చు. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని మాత్రమే రాసిన పేరాకీ, అంతకుముందు డెల్టాలో కరువు ఎలా ఉండేదో కలిపి రాసిన పేరాకీ తేడా పిల్లలే పట్టుకుంటారు.

చివరి పదిహేను నిమిషాలు కాగితానికి. చదివి వినిపించి "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా "ఆయ్" అంటుంది. మనవైపు పిల్లలు మర్యాదకి పెట్టింది పేరు, అర్థం కాకపోయినా మేష్టారి మనసు నొప్పించరు. అందుకని సందర్భాలు ఇచ్చి చీటీ మీద జవాబు రాయించండి. సోమవారం ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ బుధవారం ఇస్తున్నావు, ఒక గ్రేస్ రోజే మిగిలింది, ఏమవుతుంది? హాజరు 71 శాతం ఉంది, ఎవరి దగ్గరికి వెళ్లాలి? రెండో మిడ్ రోజే అన్నయ్య పెళ్లి, ఎవరిని ఎప్పుడు అడగాలి? ఇలాంటివి మూడు చాలు. పేరు రాయక్కర్లేదు. ఎక్కువమంది తప్పు రాసిన ప్రశ్న ఉందంటే మీ కాగితంలో ఆ వాక్యం సరిగ్గా రాయలేదని లెక్క. తిరగరాసి రెండో క్లాసులో కొత్త కాగితం ఇవ్వండి.

5. ఆలస్యం, హాజరు

"గంట కొట్టాక తలుపు మూసేస్తాను" అనే రూలు హాస్టల్ పిల్లలున్న కాలేజీలో నడుస్తుంది. పంటు మీదా ఆర్టీసీ పాస్ మీదా వచ్చే పిల్లలున్నచోట మొదటి పీరియడ్‌కి అది అన్యాయం, మధ్యాహ్నం పీరియడ్‌కి న్యాయం. రెండింటికీ వేరు రూలు పెట్టండి. మొదటి పీరియడ్‌లో పది నిమిషాల దాకా మాట్లాడకుండా వచ్చి కూర్చోవచ్చు, హాజరు ఉంటుంది. ఆ తర్వాత వస్తే కూర్చోవచ్చు, హాజరు ఉండదు. ఎప్పుడొచ్చినా గుమ్మంలో నిలబెట్టి విచారణ చెయ్యకండి, పాఠం పోతుంది. లంచ్ తర్వాత పీరియడ్‌కి సడలింపు లేదు, క్యాంటీన్‌కీ క్లాసుకీ మధ్య గోదావరి లేదు కదా.

ప్రాక్సీ గురించి ఒక్క మాట చాలు: దొరికితే పలికినవాళ్లకీ, పలికించుకున్నవాళ్లకీ ఇద్దరికీ ఆ రోజు ఆబ్సెంట్. పెద్ద శిక్షలు ప్రకటించకండి, వెయ్యలేరు. హాజరు శాతం మాత్రం నాలుగు వారాలకోసారి గోడ మీద పెట్టండి. 75కి దగ్గరగా జారుతున్నవాళ్లని విడిగా పిలిచి చెప్పండి. నవంబరులో చెప్పే లెక్క సెప్టెంబరులో చెబితే ఇంకా కూడదీసుకునే వీలుంటుంది.

6. అసైన్‌మెంట్లు, కాపీ, చాట్‌జీపీటీ

మన కాలేజీల్లో అసైన్‌మెంట్ ఎలా తయారవుతుందో దాచుకోనక్కర్లేదు. ఒకమ్మాయి రాస్తుంది, ఫోటో వాట్సాప్‌లో పడుతుంది, ముందురాత్రి 11కి 60 చేతివ్రాతల్లో ఒకే తప్పు పుడుతుంది. "చేత్తో రాయాలి" అన్న రూలు దీన్ని ఆపలేదు, వేళ్లు నొప్పి పుట్టించింది అంతే.

లెక్కలున్న సబ్జెక్టుల్లో దీనికి మందు సులువు. ప్రశ్నలో ఒక విలువ విద్యార్థి సీరియల్ నంబరు మీద ఆధారపడేలా పెట్టండి. కాలువ వెడల్పు 10 మీటర్లకి నీ సీరియల్ నంబరులో పదో వంతు కలుపు అంటే 7వ నంబరుకి 10.7, 43వ నంబరుకి 14.3. పద్ధతి కలిసి చర్చించుకోవచ్చు, లెక్క ఎవరిది వాళ్లే చెయ్యాలి. హాల్ టికెట్ నంబరు చివరి రెండంకెలు వాడదామనుకుంటారేమో, సెక్షన్లు ఎక్కువున్న బ్రాంచిల్లో 99 దాటాక అక్కడ అక్షరాలొస్తాయి, తంటా. రిజిస్టర్‌లోని వరస నంబరే మంచిది. జవాబులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ముందే వేసి పెట్టుకుంటే దిద్దడం తేలిక.

చాట్‌జీపీటీ లాంటివాటిని నిషేధించానని చెప్పకండి. నిషేధం అమలు చేసే దారి మీ దగ్గర లేదు, ఆ సంగతి వాళ్లకి మీకంటే బాగా తెలుసు. నా రూలు ఇది: అర్థం చేసుకోవడానికి ఏదైనా వాడుకో. కానీ నువ్విచ్చిన కాగితంలో ఏ లైను మీద వేలు పెట్టినా రెండు నిమిషాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పగలగాలి. ప్రతి అసైన్‌మెంట్ తర్వాత ఐదారుగుర్ని చీటీ తీసి పిలుస్తాను. చెప్పలేకపోతే ఆ అసైన్‌మెంట్‌కి సున్నా, మళ్లీ చేసి చెప్పడానికి వారం గడువు. మళ్లీ చెయ్యడానికి అవకాశం ఉందన్నది గట్టిగా చెప్పండి. దానివల్ల ఒప్పుకోవడం తేలికవుతుంది.

ల్యాబ్ రికార్డుకి వేరే సంగతి. సీనియర్ల రికార్డు చూసి దించడం ఇంటింటి ఆచారం. రికార్డు కంటే అబ్జర్వేషన్ పుస్తకానికి విలువ ఇస్తానని, ఆ రోజు ల్యాబ్‌లో సంతకం పెట్టని రీడింగ్ రికార్డులో కనపడితే దిద్దనని చెప్పండి.

7. ఫోను, వాట్సాప్

ఒక్క గ్రూపు, పోస్టు చేసేది మీరూ, సీఆర్‌లు (క్లాసు ప్రతినిధులు) ఇద్దరూ మాత్రమే. గడువులు, మార్పులు తప్ప ఇంకేమీ ఉండవు. గుడ్ మార్నింగ్ బొమ్మలు లేవు, పండగ శుభాకాంక్షలు కూడా లేవు. రాత్రి 8 తర్వాత అడిగినదానికి మర్నాడు జవాబు. మార్కుల విషయం ఫోన్‌లో మాట్లాడనని మొదటి రోజే చెప్పండి. అమ్మాయిలతో విడిగా చాటింగ్ అక్కర్లేదు, అబ్బాయిలతోనూ అక్కర్లేదు. క్లాసులో ఫోను కాలేజీ గడిలోది, కాలేజీ ఏం చెబితే అదే.

8. సిఫార్సులు

ఇక్కడ అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు. ఇంటర్నల్ మార్కులు వెళ్లే వారంలో ఫోన్ వస్తుంది: "మేష్టారూ, బాగున్నారా అండి? మా బావమరిది కొడుకు మీ దగ్గరే చదువుతున్నాడండి, కాస్త చూసుకోండి." ఆయన చెడ్డవాడు కాదు, అడక్కపోతే చుట్టరికానికి మాటొస్తుందని అడుగుతున్నాడు. ఆయనతో తగువు పెట్టుకోనక్కర్లేదు. "అలాగేనండి, అబ్బాయిని పేపర్ తీసుకుని నా దగ్గరికి రమ్మనండి, ఎక్కడ పోయాయో కలిసి చూస్తాం" అనండి. ఆ జవాబు రావాలంటే మొదటి రోజు కాగితంలో ఒక వాక్యం ఉండాలి: మార్కుల గురించి విద్యార్థి స్వయంగా, పేపర్ చేతిలో పట్టుకుని వస్తేనే మాట్లాడతాను, ఇంకెవరు అడిగినా మార్కు మారదు.

తల్లిదండ్రులు హాజరు గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడటానికి వస్తే అది సిఫార్సు కాదు. కూర్చోబెట్టి మాట్లాడండి. చేపల చెరువు దగ్గర పని వదులుకుని వచ్చిన నాన్నని వరండాలో గంటసేపు నిలబెట్టకండి.

9. వెనక చేరినవాళ్లకి ఇంకో మొదటి రోజు

మొదటి ఏడాది క్లాసు ఒక్కరోజులో నిండదు. కౌన్సెలింగ్ ఒక విడత, ఇంకో విడత, ఆ తర్వాత స్పాట్ అడ్మిషన్లు. రెండో ఏడాదిలో డిప్లొమా చేసి ఈసెట్ రాసినవాళ్లు లేటరల్ ఎంట్రీలో వస్తారు. వీళ్లకి మొదటి రోజు మీరు చెప్పిందేమీ తెలియదు, పక్కవాళ్లు చెప్పిందే తెలుసు. చివరి విడత అయ్యాక ఒకరోజు సాయంత్రం అరగంట వాళ్లనే కూర్చోబెట్టి కాగితం, బోర్డు మీద లెక్క, చీటీ ప్రశ్నలు మళ్లీ చెయ్యండి. వాళ్ల గ్రేస్ రోజులు తగ్గించకండి. వాళ్లు చేరకముందు అయిపోయిన అసైన్‌మెంట్ సంగతి ఏంటో కాగితం మీద రాసి ఇవ్వండి. హాజరు ఏ తేదీ నుంచి లెక్కేస్తారో ఆఫీసులో కనుక్కుని చెప్పండి, ఊహించి చెప్పకండి.

10. మొదటి మూడు వారాలు

కాగితం బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఎవరో ఒకరు గ్రేస్ రోజులు అయిపోయాక కాగితం తెస్తారు, తరచుగా అది క్లాసులో అందరికీ ఇష్టమైన పిల్లవాడే అవుతాడు. రాసిన మాట ప్రకారం చెయ్యండి: తీసుకోండి, శ్రద్ధగా దిద్దండి, మార్కులు వెయ్యకండి, కోప్పడకండి. రెండోసారి ఎవరూ పరీక్షించరు. అలాగే మీ వంతు కూడా. మిడ్ పేపర్లు వారంలో ఇస్తానని రాసి మూడు వారాలు తీసుకుంటే గడువుల గురించి మాట్లాడే హక్కు మీకుండదు. ఆలస్యమవుతుందని తెలిస్తే ఆరో రోజే క్లాసులో చెప్పండి.

మూడో వారం చివర పేరు లేని చీటీ ఒకటి రాయించండి. రెండే ప్రశ్నలు: ఏ రూలు ఇంకా అర్థం కాలేదు, ఏ రూలు వల్ల నీకు అనవసరంగా ఇబ్బంది అవుతోంది. రెండోదానికి వచ్చిన జవాబుల్లో మీ గడికి చెందినవి నిజంగా ఆలోచించండి. మార్చదలిస్తే క్లాసులో చెప్పి, కాగితం మీద తేదీ వేసి దిద్ది, ఆ రోజు నుంచే అమలు చెయ్యండి. జరిగిపోయినదానికి కొత్త రూలు వెనక్కి వర్తింపజెయ్యకండి, అది పిల్లలకి మేలు చేసే సందర్భంలో తప్ప.

దిద్దిన కాగితం, గ్రేస్ రోజుల పట్టిక ఒకే ఫైలులో ఉంచండి. గెస్ట్ ఫ్యాకల్టీ మధ్యలో మారిపోవడం, మేడమ్ గారు ప్రసూతి సెలవు మీద వెళ్లడం, మనకి ఎలక్షన్ డ్యూటీ పడటం ఎప్పుడూ ఉండేవే. మీ తర్వాత ఆ క్లాసుకి వచ్చేవారి చేతిలో ముందు ఆ ఫైలు పెట్టండి, పిల్లల ఎదురుగానే. అందులో ఎవరికి ఎన్ని గ్రేస్ రోజులు మిగిలాయో ఆ రోజే ఒకసారి చదివి వినిపించండి.